లారీ క్రాంకుతో దాగలి

పెరట్లో చిన్న కొలిమి పెట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. పాత బ్రేక్ డ్రమ్ము ఒకటి, దాని అడుగున గాలి గొట్టం, ఒక చిన్న బ్లోయరు, సంచిడు బొగ్గులు ఉంటే ఇనుము ఎర్రబడుతుంది. పటకారూ సుత్తీ బజారులోనే దొరుకుతాయి. అసలు చిక్కు దాగలి దగ్గర వస్తుంది. కాలిన ఇనుమును దేని మీద పెట్టి కొట్టాలో తేలేదాకా కొలిమి ఉన్నా లేనట్టే.

మంచి పోత ఉక్కు దాగలి సరదాగా పని నేర్చుకొనేవాడు కొనగలిగే ధరలో దొరకదు. హార్డ్‌వేర్ దుకాణాలలో చవకగా అమ్మే చిన్న దాగళ్ళు చాలావరకు పోత ఇనుమువి. నీలం రంగు వేసి చూడముచ్చటగా ఉంటాయి గానీ, సుత్తి కొంచెం గురి తప్పి అంచు మీద పడితే పెచ్చు లేచిపోతుంది. చాలామంది వాడే మరో వస్తువు రైలు పట్టా ముక్క. ఉక్కుగా అది మంచిదే. కానీ 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం, దొంగిలించిన రైల్వే సొత్తని అనుమానించదగ్గ వస్తువు మన దగ్గర దొరికితే అది న్యాయంగా వచ్చిందని రుజువు చేసుకోవలసిన భారం మన మీదే పడుతుంది. తుక్కు దుకాణంవాడు రశీదు ఇవ్వడు, మనకు రుజువు ఉండదు. సుత్తి ఆడించే సరదా కోసం అంత తలనొప్పి ఎందుకనిపించి, ఎవరూ ప్రశ్నించని ఇనుము వైపు, అంటే విప్పేసిన లారీ ఇంజనుల వైపు చూశాను. విజయవాడ ఆటోనగర్‌కు దగ్గరలో ఉన్నవాడికి అంతకంటే సులువైన దారి లేదు.

ఇంజను విడిభాగాలతో దాగలి చేసేవారు సాధారణంగా బరువైన ముక్కలన్నీ పోగేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టూ వెల్డింగ్ చేస్తారు. మొత్తం బరువు యాభై కిలోలు దాటితే దాగలి సిద్ధమైందని అనుకుంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. దాగలిలో లెక్కకు వచ్చేది మొత్తం బరువు కాదు, సుత్తి పడిన చోటుకు సరిగ్గా కింద, నిలువునా, మధ్యలో సందు లేకుండా ఉన్న బరువు. దెబ్బ పడిన క్షణంలో ఆ అదురు కిందికి ఏ దారిన పోతుందో చూడాలి. ఆ దారిలో ఒక వంపు ఉన్నా, రెండు ముక్కల మధ్య కాగితమంత ఖాళీ ఉన్నా, పక్కన ఎంత ఇనుము వేలాడుతున్నా అది పనికి రాదు. మన చేతి బలంలో కొంత భాగం ఇనుమును సాగదీయకుండా ముక్కలను వణికించడానికే ఖర్చైపోతుంది.

ఈ లెక్క పెట్టుకొని ఇంజనును చూస్తే ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో తేలికగా తెలుస్తుంది. సిలిండర్ బ్లాకు, హెడ్డు, లైనర్లు, ఇంజను వెనక తిరిగే బరువైన చక్రాలైన ఎక్కువ రకాల ఫ్లైవీల్‌లు పోత ఇనుముతో చేసినవి. పోత ఇనుములో కార్బన్ సుమారు రెండున్నర నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం గ్రాఫైటు రేకుల రూపంలో లోహమంతటా పరుచుకొని ఉంటుంది. ఆ రేకులు అదురును మింగేస్తాయి కనుకనే ఇంజను బ్లాకుకు ఆ లోహం అంత బాగా నప్పుతుంది, ఆ గుణం వల్లనే అది దాగలి ముఖానికి పనికిరాదు. అది నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడుకూ వంపుకూ మాత్రం నిలవదు. అందువల్ల దాన్ని అడుగున ఉంచవచ్చు, పైన ఉంచకూడదు. పిస్టన్లు చాలావరకు అల్యూమినియంవి, వాటి ప్రసక్తే లేదు. కామ్ షాఫ్ట్ గట్టిదే గానీ చాలా ఇంజనులలో అది పెళుసు. వాల్వుల జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. కొన్ని భారీ ఇంజనులలో, విమానాల ఇంజనులలో ఎగ్జాస్టు వాల్వు కాడ లోపల డొల్లగా ఉండి, వేడిని లాగేందుకు అందులో సోడియం నింపి ఉంటుంది. తెలియక దాన్ని కోస్తే తేమ తగిలి భగ్గున మండుతుంది.

మిగిలినవి కనెక్టింగ్ రాడ్లు, వాటి ద్వారా పిస్టన్లు తిప్పే వంకర ఇరుసు క్రాంక్ షాఫ్ట్, అంటే క్రాంకు. రెండూ సాధారణంగా మధ్యరకం కార్బన్ ఉన్న ఉక్కును కాల్చి, అచ్చులో పెట్టి సాగగొట్టినవి. లారీ క్రాంకు ఉక్కులో కార్బన్ 0.4 శాతం అటూ ఇటూగా ఉంటుంది, కొన్నింటిలో క్రోమియం, మాలిబ్డినం కూడా కలుపుతారు. మెత్తని ఇనుములా సొట్టపడదు, పోత ఇనుములా పెచ్చులూడదు. అయితే క్రాంకులన్నీ సాగగొట్టినవి కావు, పోత పోసినవీ ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి యంత్రమేదీ అక్కరలేదు. క్రాంకులో ఇంజను బేరింగుల మీద తిరిగే భాగం జర్నల్, పక్కకు జరిగి ఉండి కనెక్టింగ్ రాడ్డును పట్టే భాగం క్రాంకు పిన్ను. ఆ రెంటికీ మధ్యనుండే పలక పక్కల మీద, మెషిను తాకని గరుకు చోట, అచ్చు రెండు సగాలు కలిసిన గుర్తు కనిపిస్తుంది. సాగగొట్టిన క్రాంకు మీద ఆ గుర్తు వేలెడు వెడల్పున, అంచును కత్తిరించి చెక్కినట్టుగా ఉంటుంది. పోత క్రాంకు మీద సన్నని గీతలా ఉంటుంది. ఇంకా అనుమానముంటే గ్రైండరు ఆనించి రవ్వలు చూడాలి. పోత ఇనుము రవ్వలు ముదురు ఎరుపుతో, పొట్టిగా, రాయి దగ్గరే ఆరిపోతాయి. ఉక్కు రవ్వలు పసుపూ తెలుపూ కలిసిన రంగులో దూరం దాకా చిమ్మి, కొసన చీలి చిన్న చిన్న కొమ్మలు వేస్తాయి. కార్బన్ పెరిగేకొద్దీ ఆ కొమ్మలు గుబురుగా వస్తాయి. ఎండలో ఈ తేడా కనబడదు, నీడలోకి వెళ్ళి చూడాలి.

తుక్కు దుకాణంలో మంచి క్రాంకు తుక్కు ధరకు దొరకదన్న సంగతి కూడా చెప్పాలి. జర్నల్‌లు అరిగిన క్రాంకును గ్రైండింగ్ చేయించి, అందుకు తగిన అండర్ సైజు బేరింగులు వేసి మళ్ళీ ఇంజనులో ఎక్కిస్తారు. అంగుళంలో వెయ్యో వంతులను కొలతగా పెట్టుకొని మెకానిక్కులు టెన్, ట్వంటీ, థర్టీ, ఫార్టీ అని పిలిచే మెట్లు అవే. ఆఖరి మెట్టు దాటినదో, పగిలినదో, విరిగినదో అయితే తప్ప అది కిలోల లెక్కన తూకానికి రాదు. నేను చేతితో తడిమి చూస్తున్న క్రాంకును చూసి దుకాణం యజమాని, “ఏ బండికి సార్?” అని అడిగాడు. “బండికి కాదన్నా, దాగలికి” అన్నాను. ఆయన నవ్వి, “దాగలికైతే ఇంత మంచిది ఎందుకు సార్, ఆ మూల విరిగింది పడుంది చూడండి, ముందు సిలిండరు దగ్గర తెగింది, వెనక భాగం శుభ్రంగా ఉంది” అన్నాడు. నాకు కావలసింది ఆ వెనక భాగమే.

ఎందుకో చెప్పాలంటే క్రాంకు ఆకారం గురించి కొంచెం ఆలోచించాలి. పొడుగాటి క్రాంకును నిలువుగా నిలబెట్టి పైన కొడితే చాలదా అని ఎవరికైనా తోస్తుంది, చూడటానికి అది బలమైన స్తంభంలాగే ఉంటుంది. కానీ దాని లోపల దెబ్బ తిన్నగా కిందికి పోదు. జర్నల్ నుంచి పలకలోకి, పలక నుంచి పక్కకు జరిగి ఉన్న పిన్నులోకి, మళ్ళీ పలకలోంచి ఇంకో జర్నల్‌లోకి మెలికలు తిరుగుతూ పోతుంది. అంటే ఆరు సిలిండర్ల క్రాంకు మొత్తం నిలువునా ఒక మొండి స్ప్రింగు. కాబట్టి పొడుగు వదులుకొని, చివరి జర్నల్ ఒక్కటే ఉంచుకోవాలి.

ఆ చివరి జర్నల్‌కు ఒక పక్క ఫ్లైవీల్‌ను బిగించే ఫ్లాంజి ఉంటుంది, రెండో పక్క మందపాటి పలక ఉంటుంది. ఫ్లైవీల్‌ను ఊడదీయకుండా నేల మీద బోర్లించి, క్రాంకును చివరి పలక దాటాక తెగ్గోస్తే ఏం మిగులుతుంది? అడుగున వెడల్పైన బరువైన చక్రం, దాని నడుమ నిలువుగా నిలిచిన పొట్టి లావు స్తంభం, స్తంభం నెత్తిన అడ్డంగా ఉక్కు పలక. దాగలికి కావలసిన ఆకారం అదే. పైగా ఫ్లాంజికీ ఫ్లైవీల్‌కూ మధ్య అతుకును ఫ్యాక్టరీలోనే రెండు ముఖాలూ నున్నగా తిప్పి, వెంట్రుక సందు లేకుండా కలిపారు. ఇంజను టార్కు, అంటే తిప్పే బలం, మొత్తాన్నీ మోయడానికి కట్టిన బోల్టులు దాన్ని పట్టి ఉంచుతాయి. మన చేతి వెల్డింగు ఏదీ ఆ అతుకుకు సాటి రాదు.

వెల్డింగు మీద నా అభ్యంతరం కేవలం ఇష్టాయిష్టాల సంగతి కాదు. ఇలాంటి ఉక్కును చల్లగా ఉండగా మామూలు రాడ్డుతో అతికితే, అతుకు పక్కన ఉన్న లోహం ఒక్కసారిగా వేడెక్కి, చుట్టూ ఉన్న చల్లని ఉక్కు ఆ వేడిని లాగేయడంతో గాజులా పెళుసెక్కుతుంది. పైకి నిండుగా కనిపించే అతుకు కింద సన్నని పగులు మొదలై, దెబ్బలు పడేకొద్దీ పాకుతుంది. తప్పనిసరైతే ముక్కను ముందుగా రెండు, మూడు వందల డిగ్రీలకు కాచి, పొడిగా ఆరబెట్టిన లో హైడ్రోజన్ రాడ్డుతో అతికి, తరువాత బూడిదలో కప్పి నిదానంగా చల్లారనివ్వాలి. గ్యాస్ కటింగు విషయంలోనూ అదే చిక్కు, కోసిన అంచు పెళుసెక్కుతుంది. అందుకని ఈ దాగలిలో మంటతో కోయడం గానీ, అతకడం గానీ పెట్టుకోలేదు.

విరిగిన క్రాంకులో మిగతా భాగానికి కూడా పగుళ్ళు పాకి ఉండవచ్చు కనుక తూకానికి ముందే పరీక్ష చేయాలి. జర్నల్ పలకలోకి కలిసే మూల గుండ్రంగా ఒంపు తిరిగి ఉంటుంది, పగుళ్ళు ఎక్కువగా పుట్టేది అక్కడే. ఆ చోటును డీజిలుతో కడిగి, కిరోసిను పూసి కాసేపు నాననిచ్చి, పొడిగుడ్డతో బాగా తుడిచి, పైన సుద్దపొడి రుద్దాలి. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిను నెమ్మదిగా పైకి ఊరి, తెల్లని సుద్ద మీద తడి గీత తేలుతుంది. నా ముక్క మీద గీత రాలేదు. ఫ్లైవీల్ వేరే బండిది అంటగట్టబోయారు గానీ, అదే క్రాంకుకు ఉన్నదే కావాలని పట్టుబట్టాను. బోల్టు రంధ్రాలూ గాడీ కలవకపోతే ఈ ఏర్పాటుకు అర్థమే లేదు.

కోత దగ్గర కొంత ఓపిక కావాలి. పలకకు అవతలి వైపున ఉన్న క్రాంకు పిన్నును పలకకు ఆనుకొని తెంపాలి. జర్నల్‌లకూ పిన్నులకూ పైన కొన్ని మిల్లీమీటర్ల లోతు దాకా ఇండక్షన్‌తో, అంటే కరెంటు పుట్టించే వేడితో, పదును పట్టించి గట్టిపరచి ఉంటారు. ఆ చర్మం మీద హ్యాక్సా బ్లేడు పళ్ళు నిలవవు. బ్లేడు జారుతూ సన్నగా కీచుమంటుంది, పిన్ను మీద వెండి గీత తప్ప గాటు పడదు. ముందు గ్రైండరుకు కటింగ్ వీల్ ఎక్కించి చుట్టూ ఆ గట్టి పొరను కోయాలి. లోపల మెత్తటి గుండె తగిలాక పవర్ హ్యాక్సా తేలికగానే తినేస్తుంది. కోత నడుమకు వచ్చేసరికి నల్లని జిగురు లాంటి మడ్డి కారుతుంది. జర్నల్ నుంచి పిన్నుకు ఆయిలు పోయే దారి పలకలోంచి ఏటవాలుగా తొలిచి ఉంటుంది, ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి అందులోదే. దాన్ని తీగతో గీకి, డీజిలుతో కడిగి వదిలించాలి, లేకపోతే వేడి ఇనుము పెట్టిన ప్రతిసారీ ఆ రంధ్రంలోంచి పొగ వస్తుంది. పలక ముఖం మీద చివరకు ఆ రంధ్రం పెన్సిలు లావున, కోడిగుడ్డు ఆకారంలో తేలింది. పూడ్చలేదు, దెబ్బ పడే చోటుకు పక్కగా ఉంది కనుక దానివల్ల నష్టం లేదు.

ఫ్లాంజి వైపున ఇంకో డొల్ల ఉంది. గేరు బాక్సు షాఫ్ట్ కొస కూర్చొనే పైలట్ బేరింగు కోసం క్రాంకు నడుమ గుండ్రంగా తొలిచి ఉంటుంది, అంటే మన స్తంభం అడుగు గుల్ల. బేరింగు ఊడగొట్టి, ఆ రంధ్రానికి బిగుతుగా సరిపోయేలా లేతు మీద ఒక ఉక్కు బిరడా తిప్పించి, చెక్క మేకు దించినట్టు సుత్తితో దించాను. అది అడుగంటా ఆనడం ముఖ్యం, పక్కల ఎంత బిగుతుగా ఉన్నా అడుగున సందు మిగిలితే లాభం లేదు.

పలక పైభాగం చదును కాదు. అచ్చులోంచి ఊడి రావడానికి వీలుగా దానికి రెండు వైపులా వాలు ఉంటుంది. దీన్ని గ్రైండరుతో చేతి మీద చదును చేయగలనని పంతం పట్టేవారు ఉంటారు, నాకు అంత తీరిక లేదు. ఆటోనగర్‌లోని చిన్న వర్కుషాపులలో పాత షేపింగ్ మిషన్లు ఇంకా నడుస్తున్నాయి. కార్బైడు టూలు పెట్టి, ముందుకూ వెనక్కూ నిదానంగా గీస్తూ పోతే నీలిరంగు తిరిగిన ముక్కలు చుట్టలు చుట్టలుగా రాలాయి. అడుగున ఫ్లైవీల్ ముఖానికి సమాంతరంగా పైముఖం రావాలని మిషను మనిషికి చెప్పడం మరవకూడదు. గీత పనంతా అయ్యాక పలక సుమారు 25 మిల్లీమీటర్ల మందం మిగిలింది. ఒక పక్క అంచును ఆకురాయితో గుండ్రంగా ఒంపు తీశాను, రెండో పక్క మొనను పేరుకు మాత్రం తీసి పదునుగా ఉంచాను. మొదటిది ఇనుమును గాటు పడకుండా వంచడానికి, రెండోది మూల తేల్చడానికి.

ముఖానికి పదును పెట్టించాలా, అంటే కాచి ముంచి గట్టిపరచాలా అని అడిగినవారు ఉన్నారు. అక్కరలేదనే నా అభిప్రాయం. క్రాంకు ఉక్కును ఫ్యాక్టరీలోనే కాచి, చల్లార్చి, మళ్ళీ కాచి గట్టిపరుస్తారు. పలక జర్నల్ పైపొర అంత గట్టిది కాకపోయినా, పసుపు రంగుకు కాలిన ఇనుము దాని ముందు వెన్నముద్దే. చల్లని సుత్తి గురి తప్పి నేరుగా ముఖం మీద పడితేనే సొట్ట పడుతుంది. అంత లావు ముక్కను పెరటి కొలిమిలో సమంగా కాచి నీళ్ళలో ముంచడం సాధ్యం కాదు, ప్రయత్నిస్తే జర్నల్ కలిసే మూలలో చిట్లడానికే అవకాశం ఎక్కువ.

ఇక అడుగు సంగతి. ఫ్లైవీల్ వ్యాసం 38 సెంటీమీటర్లు, సగటున నాలుగు సెంటీమీటర్ల మందం. పోత ఇనుము ఘన సెంటీమీటరుకు 7.2 గ్రాముల లెక్కన అది దాదాపు 32 కిలోలు. పైన ఉన్న ఫ్లాంజి, జర్నల్, పలక కలిపి ఇంకో ఎనిమిది కిలోలు. అంచు చుట్టూ స్టార్టరు పట్టే పళ్ళ రింగు ఉంటుంది, దాన్ని సమంగా కాచి తట్టి ఊడదీశాను, లేకపోతే పంచె గానీ ప్యాంటు గానీ దానికి తగులుకోక మానదు. ఫ్లైవీల్ నుంచి క్రాంకుకు బిగించే బోల్టులు మాత్రం కొత్తవి హై టెన్సిల్ రకం తెచ్చి, టార్క్ రెంచితో ఎదురెదురుగా బిగించాను.

దీన్నంతా మొద్దుకు బిగించక ముందే మా ఊరి కొలిమికి తీసుకువెళ్ళి చూపించాను. అక్కడి పెద్ద కమ్మరి మా నాన్నగారి కాలం నుంచి నాగలి కర్రులు సాగగొట్టిన మనిషి, ఇప్పుడు కర్రులు తగ్గి గడ్డపారలూ గొడ్డళ్ళూ మాత్రమే వస్తున్నాయి. ఆయన దాగలి ముఖం అరచేతి వెడల్పుకు మించదు, సగం భూమిలో పాతిన మొద్దులో దిగి ఉంటుంది, ఆయన కూర్చొని కొడతారు. నా వస్తువును చుట్టూ తిరిగి చూసి, చిన్న సుత్తితో నడుమ ఒకటి, అంచున ఒకటి తట్టారు.

“పైన బాగానే పలుకుతోంది అబ్బాయ్. కింద డొల్లగా ఉంది, చూసుకున్నావా?”

“క్లచ్ ప్లేటు కోసం నడుమ పల్లం ఉంటుంది బాబాయ్. మొద్దు మీద పెట్టేటప్పుడు నింపుదామనుకుంటున్నాను.”

“దేంతో నింపుతావు? చెక్క పెడితే నాలుగు రోజుల్లో పిప్పి అవుద్ది. సీసం పొయ్యి, లేదా సిమెంటు పొయ్యి. ఖాళీ ఉంచావంటే మాత్రం చక్రం ఎప్పుడో రెండు ముక్కలవుద్ది.”

ఆయన చెప్పిన మాటలో ఇంజనీరింగు అంతా ఉంది. బోర్లించిన ఫ్లైవీల్ అంచు మాత్రమే మొద్దుకు ఆని, నడుమ గాలిలో ఉంటే, స్తంభం మీద పడిన ప్రతి దెబ్బకూ చక్రం నడుమ కిందికి వంగుతుంది. వంగినప్పుడు అడుగు ముఖం లాగుడుకు లోనవుతుంది, పోత ఇనుము ఓర్చుకోలేనిది ఆ లాగుడునే. కరిగించిన సీసం మంచిదే గానీ దాని పొగ ఇంట్లో పిల్లలున్న చోట వద్దు. ఫ్లైవీల్‌ను తిరగేసి, పల్లంలోని జిడ్డును కడిగి, సిమెంటూ సన్నని ఇసుకా సమపాళ్ళలో, నీళ్ళు తగ్గించి గట్టిగా కలిపి కూరాను. గాలి బుడగలు పోయేలా కడ్డీతో బాగా కుమ్మి, బోల్టు తలలతో సహా పూడ్చి, పైన ఇనుప బద్దతో సాపు చేశాను. వారం పాటు తడిగుడ్డ కప్పి ఉంచితే రాయిలా కట్టుకుంది. పెద్ద యంత్రాలను పునాది మీద నిలిపేటప్పుడు వాటి అడుగునా ఇలాగే పోస్తారు. అన్ని ఫ్లైవీల్‌లూ నా దానిలా చదునుగా ఉండవు, కొన్నింటి అంచు గిన్నెలా లేచి ఉంటుంది. అలాంటివాటిలో పోయవలసిన సిమెంటు లోతు ఎక్కువవుతుంది కనుక ఆ రకం తీసుకోకపోవడమే మేలు.

మొద్దు చింతది. మాంసం కొట్టేవారు చింత మొద్దును ఊరికే ఎంచుకోలేదు, దాని నార అడ్డదిడ్డంగా అల్లుకొని ఉండి తేలిగ్గా చీలదు. సామిల్లులో దొరికిన పచ్చి మొద్దు కోసిన ముఖాలకు పేడ పూసి నీడలో ఆరబెట్టాము, ఎండలో పెడితే నడుమ నుంచి బీటలు తీస్తుంది. ఆరిన తరువాత బండి చక్రానికి పట్టా ఎక్కించే పద్ధతిలోనే, పెద్దాయన ఒక ఇనుప పట్టాను కాల్చి మొద్దు నెత్తిన దించి నీళ్ళు పోశారు, అది చల్లబడి కుంచించుకొని మొద్దును పిడికిలిలా పట్టేసింది. ఎత్తు గురించి ఆయన, “నిలబడి కొడతావా, కూర్చొనా?” అని అడిగి, నిలబడే అన్న మీదట, చేయి కిందికి వదిలి పిడికిలి బిగిస్తే కణుపులు ఎక్కడికి వస్తాయో అక్కడికి ముఖం రావాలన్నారు. నాకది నేల నుంచి 75 సెంటీమీటర్లు. దాగలి ఎత్తు 15 తీసేస్తే మొద్దు 60. క్లచ్ కవరు బోల్టుల కోసం ఫ్లైవీల్ అంచు చుట్టూ ఉన్న రంధ్రాలు నా దానిలో ఈ వైపు నుంచి ఆ వైపుకు తూటుగా ఉన్నాయి. వాటి మరలను డ్రిల్లుతో తీసేసి, పొడుగాటి స్క్రూ బోల్టులను వాటిలోంచే చెక్కలోకి దించాను. మధ్యలో తారు పూసిన గోనెపట్టా ఒక పొర వేశాను, మోత కొంత తగ్గింది. ఇరుగుపొరుగు ఉన్నవారు ఈ పొరను మానకండి.

గుండ్రంగా వంచడానికి కొమ్ము లేదే అన్న లోటు ఉండిపోయింది. దానికి కనెక్టింగ్ రాడ్డు ఉపయోగపడింది. క్రాంకు పిన్నును పట్టే పెద్ద కన్ను మూత తీసేస్తే రాడ్డు చివర రెండు చదునైన పాదాలు మిగులుతాయి, బోల్టు రంధ్రాలు వాటిలోంచే పోతాయి. ఆ పాదాల మీద రాడ్డును మొద్దు అంచున నిలబెట్టి, అవే రంధ్రాలలోంచి చెక్కలోకి బోల్టులు దించితే అది నిట్టనిలువుగా నిలుస్తుంది. పైన చిన్న కన్నులో దాని పిస్టన్ పిన్నునే అడ్డంగా దూర్చి, జారిపోకుండా సన్నని రేకు చీలకతో బిగించాను. ఆ పిన్ను పైపొర గాజంత నున్నగా, గట్టిగా ఉంటుంది. గొళ్ళేల కొక్కేలు, తలుపు బందుల చుట్టలు దాని మీద చక్కగా తిరుగుతాయి. చాలా డీజిలు ఇంజనులలో పెద్ద కన్నును ఏటవాలుగా చీలుస్తారు, ఆ రాడ్డు నిలువుగా నిలబడదు. తిన్నగా చీల్చిన రకాన్ని వెతుక్కోవాలి, నాది పాత జీపుది. దీని మీద చిన్న పనులే చేయాలి, గట్టిగా బాదితే పిన్ను పక్కకు తన్నుకుంటుంది.

ఆఖరున బేరింగులోని ఉక్కు గోళీతో పరీక్ష చేశాను. స్కేలు నిలబెట్టి పది అంగుళాల ఎత్తు నుంచి గోళీని వదిలి, ఎంత ఎత్తుకు ఎగిరిందో చూడాలి. పేరున్న దాగళ్ళ మీద అది ఎనిమిది అంగుళాలకు అటూ ఇటూగా లేస్తుంది. నా దాగలి నడుమ, అంటే కింద జర్నల్ ఉన్న చోట, ఏడు దాకా లేచింది. క్రాంకు అదరకుండా తిరగడానికి పిన్నుకు ఎదురుగా వదిలిన బరువు వైపు పలక బయటికి చాచి ఉన్న కొసన అయిదు దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే అక్కడ కింద ఆసరా లేదు. కనుక సాగదీసే పనంతా నడుమ, సుమారు 85 మిల్లీమీటర్ల వలయంలో జరగాలి. చాచి ఉన్న కొస చదును చేయడానికీ, వంచడానికీ మాత్రమే. ఇంత చిన్న చోటు చాలదని అనుకునేవారు పల్లె కమ్మరి దాగలిని ఒకసారి చూడాలి. సుత్తి ముఖం రెండు అంగుళాలకు మించనప్పుడు దాని కింద గజం వెడల్పు ఉండి చేసేదేమీ లేదు.

కొడవలి ఆకు సాగదీయడంలో ఈ దాగలి గుణం బాగా తెలిసింది. పదహారు అణాల పసుపుకు కాలిన పట్టీని నడుమ పెట్టి కిలో సుత్తితో కొడితే, దెబ్బకు దెబ్బకు సుత్తి దానంతట అదే పైకి లేస్తుంది. చేయి లేపవలసిన పని సగం తగ్గుతుంది. కాలిన ఇనుము మీద పొరలా కట్టే చిట్టెం రేకులు రేకులుగా రాలి ముఖం మీద పేరుకుంటుంది, దాన్ని ఎప్పటికప్పుడు చీపురుతో తుడిచేయాలి, లేకపోతే అది ఇనుములోకి కరుచుకొని మచ్చలు పడుతుంది. అదే పట్టీని ఇంజను బ్లాకు ముక్క మీద పెట్టి కొట్టినప్పుడు దప్ దప్ మని చప్పుడు తప్ప ఇనుములో కదలిక ఉండేది కాదు.

లోపాలు ఉన్నాయి. ముఖం మీద ఇప్పటికే రెండు, మూడు చోట్ల సుత్తి మొన గుర్తులు పడ్డాయి, వాటిని ఆకురాయితో పైపైన సవరిస్తున్నాను, లోతుగా గ్రైండరు పెట్టను. స్క్రూ బోల్టులు మొద్దు ఎండేకొద్దీ వదులవుతాయి, చప్పుడులో సన్నని జరజర వినిపిస్తే అవి బిగించవలసిన వేళ అయిందని అర్థం. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది నలభై కిలోల వస్తువు. సుత్తికి ముప్పై, నలభై రెట్లు బరువున్నంత వరకు ఇబ్బంది లేదు, కిలో, కిలోంబావు సుత్తి దాకా హాయిగా మోస్తుంది. నాలుగు కిలోల సమ్మెట దెబ్బకు మాత్రం మొద్దుతో సహా ఊగుతుంది, కింద పోసిన సిమెంటుకూ అది మంచిది కాదు. గడ్డపార మొన అతకడం, గొడ్డలి కన్ను తీయడం లాంటి సమ్మెట పని వచ్చినప్పుడు ఆ ముక్కలు పట్టుకొని బాబాయ్ కొలిమికే వెళుతున్నాను. తెంపిన క్రాంకు పిన్ను ముక్కను ఆయన అప్పుడే అడిగి తీసుకున్నారు, నడుమ కన్ను తీసి కొత్త సమ్మెట చేయిస్తారట.